ఓడల జాడ చదవడం – 4వ పాఠం: తెరమీద ఓడ కనబడకపోతే

సైన్యాలకు సరుకు మోసే వ్యాపార నౌకల సంగతి ఈసారి మొదలుపెడదామని పోయిన పాఠంలో చెప్పాను. మొదలుపెడతాను. కానీ ముందు మీరు పంపిన అభ్యాసాల లెక్క తేలాలి.

పని గుర్తుంది కదా. విశాఖ నుంచి సింగపూర్ వైపు బయల్దేరే బల్క్ క్యారియర్ (బొగ్గు, ఖనిజం లాంటి విడి సరుకు మోసే ఓడ) ఒకదాన్ని ఎంచుకుని, ఓడల స్థానాలు చూపే సైట్‌లో మలక్కా జలసంధి దాకా వెంబడించి, చూసింది చూసినట్టు రాయమన్నాను. శ్రద్ధగానే చేశారు. ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడకు శాశ్వతంగా ఉండే గుర్తింపు సంఖ్య), ఎంఎంఎస్ఐ నంబరు (ఓడ రేడియో గుర్తింపు సంఖ్య), వేగం, డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగి ఉండే లోతు) అన్నీ పట్టికలో చక్కగా ఎక్కించారు. ఆ పైన దాదాపు అందరూ ఒకటే వాక్యం రాశారు: "బయల్దేరిన రెండు మూడు గంటలకు ఓడ ఏఐఎస్ ఆపేసింది." ఏఐఎస్ అంటే ఓడ తన స్థానం చెప్పే రేడియో ఏర్పాటు, వివరం కింద ఉంది. కొందరు పక్కన "అనుమానాస్పదం" అని కూడా చేర్చారు. నేవీకి తెలియజేయాలా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

ఆ ఓడ ఏదీ ఆపలేదు. మీకు వినబడలేదు, అంతే. ఈ రెండింటికీ తేడా తెలియకుండా ముందుకు వెళ్తే, తర్వాత పాఠాల్లో చెప్పేవన్నీ తప్పుడు నిందలుగా మారతాయి. అందుకని ఈ రోజు చాలా భాగం దీనికే పోతుంది.

ఏఐఎస్ అంటే ఓడ వీహెచ్ఎఫ్ రేడియోలో చెప్పే మాట. 161.975, 162.025 మెగాహెర్ట్జ్ అనే రెండు చానళ్ళ మీద, నడుస్తున్న పెద్ద ఓడ 2 నుంచి 10 సెకన్లకోసారి తన స్థానం, దిశ, వేగం చెబుతుంది. లంగరేసి ఉంటే 3 నిమిషాలకోసారి చెబుతుంది. పేరు, గమ్యం, డ్రాఫ్ట్ లాంటివి 6 నిమిషాలకోసారి వస్తాయి. పక్క ఓడలు గుద్దుకోకుండా పుట్టిన ఏర్పాటు ఇది. మనం ఇంట్లో కూర్చుని చూడాలని ఎవరూ పెట్టలేదు. వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక తీరంలోని రిసీవర్‌కి అందదు. ఎంత దూరం? దీనికో లెక్క ఉంది. రిసీవర్ యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి. ఓడ యాంటెన్నా ఎత్తుకీ అలాగే కట్టండి. రెండూ కలిపి 2.2తో హెచ్చిస్తే నాటికల్ మైళ్ళు వస్తాయి.

ఒక ఇంటి డాబా మీద 16 మీటర్ల ఎత్తున రిసీవర్ ఉందనుకోండి, వర్గమూలం 4. ఓడ యాంటెన్నా 25 మీటర్లు, వర్గమూలం 5. మొత్తం 9, దాన్ని 2.2తో హెచ్చిస్తే సుమారు 20 నాటికల్ మైళ్ళు. అదే రిసీవర్ని 100 మీటర్ల కొండ మీద పెడితే 10, 5 కలిపి 15, హెచ్చిస్తే 33 మైళ్ళు. గంటకు 14 మైళ్ళు నడిచే ఓడ, అంటే 14 నాట్స్ ఓడ, ఆ 33 మైళ్ళు దాటడానికి దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు చాలు. మీరందరూ "రెండు మూడు గంటలకు ఆపేసింది" అని రాశారు. అది కెప్టెన్ తీసుకున్న నిర్ణయం కాదు, కొండ ఎత్తు లెక్క. వేసవిలో సముద్రం మీది గాలి పొరల వల్ల ఒక్కోసారి వందల మైళ్ళ దూరం నుంచి కూడా సంకేతం అందుతుంది. అది అదృష్టం, దాని మీద ఆధారపడకండి.

మరి ఉపగ్రహాలు లేవా అంటే ఉన్నాయి, కానీ మీరు వాడే ఉచిత సైట్లు చాలావరకు తీర రిసీవర్ల డేటానే చూపిస్తాయి. నడిసముద్రం చూడాలంటే డబ్బు కట్టాలి. కట్టినా అన్నీ కనబడవు. ఒక్కో చానల్లో ఓడలు మాట్లాడడానికి నిమిషానికి 2,250 వంతులు ఉంటాయి. దగ్గర్లోని ఓడలు ఒకదాని మాట ఒకటి విని వంతులు పంచుకుంటాయి. ఉపగ్రహం పైనుంచి చూసే ప్రాంతం వేల కిలోమీటర్లు. అక్కడ ఒకరి మాట ఒకరికి వినబడని గుంపులు ఎన్నో ఉంటాయి, అవన్నీ ఒకే వంతులో ఒకేసారి మాట్లాడతాయి. సింగపూర్ చుట్టుపక్కలా చైనా తీరంలోనూ ఉపగ్రహానికి ఓడలు తప్పిపోయేది ఇందుకే. రద్దీ ఎక్కువైన చోట వినబడేది తగ్గుతుంది.

ఇక మీదట మీ నోట్‌బుక్కులో "ఆపేసింది" అనే మాట కనబడకూడదు. "ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా సంకేతం అందలేదు" అని రాయండి. ఉత్తరాంధ్ర నుంచి ఎందరో కుర్రాళ్ళు ఈ ఓడల మీద పనిచేస్తున్నారు. మీరు ఊరికే రాసిన "అనుమానాస్పదం" ఇంకొకరి చేతికి వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర, ఓడను అద్దెకు మాట్లాడే వాళ్ళ దగ్గర ఆ ఓడకు మచ్చ పడుతుంది. దాని మీద పనిచేసేవాళ్ళకీ పడుతుంది.

అందనప్పుడు ఏం చేయాలి? తెరమీద ఓడ స్థానం చూపే చుక్కల్లో, పోయే ముందు చివరి చుక్క, తిరిగొచ్చాక మొదటి చుక్క తీసుకుని మధ్య వేగం కట్టాలి. నేను దీన్ని ఫోన్ యాప్‌లో చేయను. రెండు చుక్కల అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసుకుంటాను. అక్షాంశం డిగ్రీకి 60 మైళ్ళు. రేఖాంశం డిగ్రీ ఉత్తరానికి పోయేకొద్దీ కుంచించుకుపోతుంది, కానీ బంగాళాఖాతంలో నేను 58 వేసుకుంటాను, ఈ పనికి చాలు. కొసైన్ పట్టికతో కుస్తీ పడాలనుకునేవాళ్ళు పడండి, జవాబు పెద్దగా మారదు.

ఊహించుకున్న ఓడతో చేద్దాం. సోమవారం సాయంత్రం 6 గంటలకు 17.3 ఉత్తరం, 83.6 తూర్పు. మళ్ళీ కనబడింది గ్రేట్ నికోబార్ దాటి సుమత్రా కొస దగ్గర, 6.2 ఉత్తరం, 95.0 తూర్పు. అక్షాంశం తేడా 11.1, మైళ్ళలో 666. రేఖాంశం తేడా 11.4, మైళ్ళలో 661. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 938 మైళ్ళు. మళ్ళీ కనబడింది గురువారం మధ్యాహ్నం 1 గంటకైతే గడిచింది 67 గంటలు. 938ని 67తో భాగిస్తే సరిగ్గా 14 నాట్స్. పోయేటప్పుడూ 14, వచ్చేటప్పుడూ 14, మధ్యలోనూ 14. దాదాపు మూడు రోజులు తెరమీద లేకపోయినా ఈ ఓడ తన దారిన తాను పోయింది.

అదే దూరానికి 110 గంటలు పడితే సగటు 8.5 నాట్స్. 43 గంటలు ఎక్కువ అయ్యాయి. అప్పుడు కూడా ముందు తుపాను హెచ్చరికలు చూడండి, ఇంజను మరమ్మతు అయ్యుంటుందేమో, సింగపూర్‌లో బెర్త్ దొరక్క నెమ్మదిగా పోయిందేమో ఆలోచించండి. తర్వాత డ్రాఫ్ట్ చూడండి. నడిసముద్రంలో మూడు మీటర్లు తగ్గినట్టు ఉంటే, సరుకు ఎక్కడో మరో ఓడలోకి దించారేమోనని అడగొచ్చు. అడగడమే, తేల్చడం కాదు. ఎందుకంటే డ్రాఫ్ట్ అంకె మనిషి చేత్తో కొట్టేది. లోడు దించాక మార్చడం మరిచిపోయి, తర్వాతెప్పుడో దిద్దడం మామూలే. ఇక ఆ 938 మైళ్ళూ 20 గంటల్లో వచ్చినట్టు కనబడితే 47 నాట్స్ అవుతుంది. సరుకు ఓడ అలా పోదు. స్థానం తప్పో, వేరే ఓడ అదే ఎంఎంఎస్ఐ వాడుతోందో చూడాలి. అప్పుడు ఐఎంఓ నంబరు పట్టుకోండి, పేరు కాదు. పేరు, జెండా మారతాయి, ఐఎంఓ నంబరు ఓడ విరిచేసేదాకా ఉంటుంది. దాన్ని సరిచూసే పద్ధతి రెండో పాఠంలో ఉంది. బాల్టిమోర్ వంతెనను 2024 మార్చి 26న గుద్దిన డాలీ నంబరు 9697428తో మళ్ళీ ఒకసారి చేసుకోండి. మొదటి ఆరంకెల్ని 7, 6, 5, 4, 3, 2తో హెచ్చించి కూడితే 188, చివరంకె 8, నంబరు చివరా 8.

స్థానం తప్పు చెప్పించడం నిజంగా జరిగింది. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో నొవరసీస్క్ దగ్గరున్న ఇరవై దాకా ఓడలు గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు తమ జీపీఎస్‌లో చూసుకున్నాయి. 2021 జూన్‌లో బ్రిటిష్ యుద్ధనౌక డిఫెండర్, డచ్ నౌక ఎవర్ట్‌సెన్ క్రిమియాలోని సెవాస్తపోల్ ముందుకు వెళ్ళినట్టు ఏఐఎస్ చూపించింది. అదే సమయంలో ఒడెస్సా రేవు వెబ్ కెమెరాలో రెండూ కట్టేసి ఉన్నాయి. మొదటిది ఓడ జీపీఎస్‌నే మోసం చేయడం. రెండోదానిలో ఓడతో పనే లేదు, ఎవరో తయారుచేసిన సందేశం డేటాలో చేరింది. రెండూ తెరమీద ఒకేలా కనబడతాయి.

కావాలని ఆపేవాళ్ళు లేరా? ఉన్నారు, అందులో న్యాయంగా ఆపేవాళ్ళు కూడా ఉన్నారు. ఏఐఎస్ వల్ల ఓడకు ప్రమాదమనిపిస్తే కెప్టెన్ దాన్ని ఆపవచ్చని ఐఎంఓ, అంటే అంతర్జాతీయ సముద్ర సంస్థ, మార్గదర్శకాలే చెబుతాయి. యుద్ధనౌకలకు అసలు ఆ నియమమే వర్తించదు. 2024 మొదట్లో ఎర్ర సముద్రంలో యెమెన్ హూతీల దాడులప్పుడు కొన్ని ఓడలు ఆపేశాయి. కొన్ని ఆపకుండా, గమ్యం పెట్టెలో రేవు పేరు బదులు "సిబ్బంది అంతా చైనావాళ్ళు" అనో, "ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు" అనో, "సాయుధ కాపలా ఉంది" అనో కొట్టాయి. ఆ పెట్టెలో పట్టేది 20 అక్షరాలు. గమ్యం పెట్టె నిండా మనిషి రాతే ఉంటుందని మొదటి పాఠంలో చెప్పాను, ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మనకు కనబడని ఓడ నేవీకి కూడా కనబడదనుకోకండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 గ్రాస్ టన్నులు, ఆ పైన ఉన్న సరుకు ఓడలు ఎల్ఆర్ఐటీ అనే వేరే ఏర్పాటు ద్వారా మామూలుగా 6 గంటలకోసారి తమ స్థానం జెండా దేశానికి పంపుతాయి. అది మన సైట్లలో రాదు. 2008 ముంబై దాడుల తర్వాత మన తీరం పొడవునా రాడార్లు, లైట్‌హౌస్‌ల మీద ఏఐఎస్ కేంద్రాలు వచ్చాయి. గురుగ్రామ్‌లో 2018 డిసెంబరులో మొదలైన ఐఎఫ్‌సీ-ఐఓఆర్ అనే హిందూ మహాసముద్ర సమాచార కేంద్రంలో మన నేవీతో పాటు విదేశీ నేవీల లైజాన్ అధికారులు కూర్చుని వ్యాపార ఓడల సమాచారం పంచుకుంటారు. 2022 మేలో టోక్యోలో క్వాడ్ దేశాలు (భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా) ప్రకటించిన సముద్ర నిఘా కార్యక్రమంలో ప్రైవేటు కంపెనీల ఉపగ్రహ డేటా కూడా వాడుతున్నారు. ఏఐఎస్ ఆపేసిన ఓడ కూడా తన రాడార్, రేడియో వాడక తప్పదు. ఆ తరంగాల్ని పైనుంచి పట్టి, అక్కడో ఓడ ఉందని చెప్పే పద్ధతి అది.

ఇదంతా ఎందుకో ఒక సంఘటనతో తెలుస్తుంది. 2024 జనవరి 4 సాయంత్రం లైబీరియా జెండా ఉన్న లీలా నార్ఫోక్ అనే బల్క్ క్యారియర్, ఆయుధాలున్న మనుషులు ఎక్కారని వ్యాపార ఓడల కోసం బ్రిటన్ నడిపే యూకేఎంటీఓ పోర్టల్‌కు సందేశం పంపింది. మన నేవీ విమానం మర్నాడు తెల్లారి దాని మీదుగా ఎగిరింది, ఐఎన్ఎస్ చెన్నై దారి మళ్ళి వెళ్ళింది, మార్కోస్ కమాండోలు ఎక్కి 21 మందినీ క్షేమంగా బయటికి తెచ్చారు. అందులో 15 మంది మనవాళ్ళు. అదే నెల 26న మార్లిన్ లువాండా ట్యాంకర్ మంటల్లో ఉన్నప్పుడు వెళ్ళింది మన విశాఖ పేరున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఆ ట్యాంకర్ మీద 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. సరుకు ఓడ పంపిన ఒక్క సందేశం సరైన చోటికి చేరితే ఇంత జరుగుతుంది.

ఇప్పుడు ఈ రోజు అసలు పాఠంలోకి, కొంచెమే. 2024 జనవరి 24న ఏడెన్ సింధుశాఖ నుంచి ఎర్ర సముద్రం వైపు పోతున్న మేర్స్క్ డెట్రాయిట్, మేర్స్క్ చెసపీక్ ఓడల మీదికి క్షిపణులు వచ్చాయి. అమెరికా నేవీ తోడుగా ఉంది, రెండూ క్షేమంగా వెనక్కి తిరిగాయి. మేర్స్క్ అనగానే డెన్మార్క్ అని రాసేస్తారు మీరు. ఎంఎంఎస్ఐ మొదటి మూడంకెలు చూడండి. డెన్మార్క్‌వి 219, 220. అమెరికావి 338, 366 నుంచి 369, ఇంకా 303. ఈ ఓడలు అమెరికా జెండావి. వర్జీనియాలోని మేర్స్క్ లైన్ లిమిటెడ్ నడుపుతుంది. అమెరికా ప్రభుత్వం 1996 చట్టం కింద నడిపే మారిటైమ్ సెక్యూరిటీ ప్రోగ్రాంలో ఇలాంటివి 60 దాకా ఉంటాయి. ప్రైవేటు ఓడలే, మామూలు రోజుల్లో మామూలు కంటైనర్లే మోస్తాయి. ఏటా ప్రభుత్వం ఇచ్చే సొమ్ము తీసుకుని, అవసరం వచ్చినప్పుడు సైన్యం సరుకు మోయడానికి ఒప్పుకుంటాయి. ఆ రోజు ఆ రెండు ఓడల్లోనూ అమెరికా రక్షణ శాఖ సరుకు ఉంది. తెరమీద చూస్తే మాత్రం రెండూ మామూలు కంటైనర్ ఓడలే. పెయింటు రంగు, కంపెనీ పేరు మీకు ఏమీ చెప్పవు, జెండా ఎవరిదో మూడంకెలు చెబుతాయి.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది కాట్టుపల్లి. చెన్నై పక్కన ఎల్ అండ్ టీ యార్డుకి 2022 ఆగస్టులో అమెరికా సైన్యానికి సరుకు మోసే మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్ ఓడ చార్ల్స్ డ్రూ మరమ్మతుకి వచ్చింది. 2023లో ఆ యార్డుతో దీర్ఘకాలిక ఒప్పందం కుదిరింది. ఇలాంటి ఓడ కొన్నాళ్ళు మీ తెరమీద లేకపోతే అది ఓడ వాళ్ళ ఇష్టం. ఇక్కడ వేగం లెక్క కట్టి ప్రయోజనం లేదు. వచ్చే పాఠం వీటి గురించే.

అభ్యాసం. పోయినసారి ఎంచుకున్న ఓడనే మళ్ళీ తీసుకోండి, మార్చొద్దు. పోయిన చుక్క, వచ్చిన చుక్క రాసి, దూరం, గంటలు, వేగం కట్టండి. సమయాలన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండాలి, మన సమయం పక్కన వేరే గడిలో. విశాఖ వైపు రిసీవర్ ఎత్తు ఎంతయితే మీ ఓడ ఆ దూరంలో కనబడకుండా పోతుందో ఫార్ములాను తిరగేసి లెక్కించండి, ఓడ యాంటెన్నా 25 మీటర్లని అనుకోండి. తర్వాత అదే సైట్‌లో, అదే దారిలో పోయిన మరో ఐదు ఓడలు ఎక్కడెక్కడ మాయమయ్యాయో మ్యాపు మీద గుర్తుపెట్టండి. ఆరు చుక్కలూ దాదాపు ఒకే వంపులో పడాలి. ఒకటి మాత్రం తీరానికి బాగా దగ్గర్లోనే మాయమై ఉంటే, దాని గురించి ఒక పేరా రాసి పంపండి. మీ ఓడ గురించి మొదటిసారి రాసిన వాక్యాన్ని కూడా దిద్ది పంపాలి. పాతది కొట్టేయకండి, కింద కొత్తది రాయండి.