ఆకు పసుపెక్కిందా? ఎరువు సంచి విప్పకముందే చూడాల్సినవి

లాన్ కాస్త పసుపెక్కితే చాలు, చెయ్యి యూరియా సంచి మీదికి పోతుంది. ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి.

కింది ముదురాకులు పసుపైతే: నత్రజని చాలడం లేదు. కొత్త చిగుళ్ల కోసం మొక్క పాత ఆకుల్లోంచే దాన్ని లాక్కుంటోంది. యూరియా పనికొచ్చేది ఇక్కడే. కొద్దిగా చల్లి వెంటనే నీళ్లు పెట్టండి.

లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే: ఇది ఐరన్ లోపం. మా గులాబీలకు ఇలాగే అయితే బలం లేదనుకుని, భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు మీద ఎరువు వేశాను. తీరా మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) 8 దాటింది, భాస్వరం అవసరానికి మించి ఉంది. మట్టిలో ఐరన్ ఉన్నా, పీహెచ్ ఏడున్నర దాటితే అది సరిగా కరగదు. భాస్వరం ఎక్కువైతే సమస్య ఇంకా ముదురుతుంది. డీఏపీ మానేసి, ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఐరన్ (ఇలాంటి మట్టిలోనూ కరిగి మొక్కకు అందే ఐరన్) మట్టికి ఇవ్వాలి. పీహెచ్ తగ్గించడానికి గంధకం వేసే ముందు గుప్పెడు పొడి మట్టి మీద వెనిగర్ పోయండి. బుసబుసా పొంగితే మట్టిలో సున్నం ఉన్నట్టే, వేసిన గంధకాన్నంతా అదే మింగేస్తుంది.

ఆకుల కొసలు, అంచులు మాడితే: పొటాష్ తక్కువైనా, ఎరువుల ఉప్పు పేరుకున్నా ఇలాగే కనిపిస్తుంది. కంటితో తేల్చలేం. మట్టి పరీక్ష రిపోర్టులో ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) ఎక్కువుంటే ఎరువు ఆపి, నీరు బాగా దిగేలా పెట్టి ఉప్పును కిందికి కడగాలి. ఈసీ మామూలుగా ఉండి పొటాష్ తక్కువుంటే అప్పుడు పొటాష్ వేయండి.

నాచు పడితే: నీడ, తడి, గట్టిపడిన నేల చూసుకోండి. పీహెచ్ తక్కువని రిపోర్టు చెబితేనే సున్నం.

రిపోర్టే నమ్మేలా లేకపోతే: తప్పు చాలాసార్లు మట్టి తీయడంలోనే ఉంటుంది. ఒక్కచోట తవ్వితే కుదరదు, పది పన్నెండు చోట్ల తీయాలి. పైన ఉన్న గడ్డీ గాదం తీసేసి, ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి చెక్కండి. మొక్కలకు 15 సెంటీమీటర్లు, లాన్‌కు 10 లోతు చాలు. రెండిటి మట్టీ కలపొద్దు. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, జింకు పూత బకెట్ అయితే రిపోర్టులో జింకు లెక్క తప్పుతుంది. వేర్లు, రాళ్లు ఏరేసి కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో పంపండి. నిన్న ఎరువు చల్లి ఇవాళ మట్టి తీస్తే వచ్చేది ఆ ఎరువు రిపోర్టే.