పియానో యాప్ కార్డ్‌లను (ఒకేసారి మోగించే స్వరాల గుంపులను) గుర్తించకపోతే: నా అనుభవం

ఫోనులోని పియానో కోర్సు యాప్ నా కీబోర్డు శబ్దాన్ని ఫోను మైకుతో విని, ఒక్కో స్వరాన్ని చక్కగా గుర్తించేది. సి, ఇ, జి మూడూ కలిపి కార్డ్ వాయిస్తే మాత్రం ఒకటో రెండో అందలేదని ఎర్రగా చూపేది. ఫ్యాను ఆపాను, ఫోనును కీబోర్డు స్పీకర్ దగ్గరకు జరిపాను, యాప్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను, ఫలితం లేదు.

చివరికి మైకును పక్కన పెట్టాను. నా కీబోర్డు వెనుక ‘యూఎస్‌బీ టు హోస్ట్’ అని రాసి ఉన్న చదరపు సాకెట్ ఉంది. ప్రింటర్లకు వాడే కేబుల్ అందులో సరిగ్గా కూర్చుంది. రెండో కొసకు ఓటీజీ అడాప్టర్ (యూఎస్‌బీ పరికరాలను ఫోనుకు కలిపే చిన్న ముక్క) తగిలించాను. ముందు కీబోర్డు ఆన్ చేసి, తర్వాత కేబుల్‌ను ఫోనుకు కలిపి, ఆఖరున యాప్ తెరిచాను. సెట్టింగులలో మైక్రోఫోన్ బదులు మిడి ఎంచుకున్నాను. మిడి ధ్వనిని పంపదు. ఏ మెట్టును, ఎంత బలంగా నొక్కామో చెబుతుంది. అందుకే గదిలో ఎంత గోల ఉన్నా కార్డ్‌లోని ప్రతి స్వరమూ అందుతోంది. ఎంత హాయిగా ఉందో!

స్వరం రెండుసార్లు వినిపిస్తే యాప్‌లోని పియానో శబ్దాన్ని తగ్గించండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ధ్వని ఆలస్యమవుతుంది. వైరు ఉన్నవే మేలు.

అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. ఫోను ఓటీజీకి అనుకూలంగా ఉండాలి. ఐదు పిన్నుల మిడి సాకెట్ మాత్రమే ఉన్న పాత కీబోర్డులకు మధ్యలో మిడిని యూఎస్‌బీకి మార్చే ఇంటర్‌ఫేస్ పరికరం కావాలి. మామూలు తీగల పియానో అయితే మైకే దిక్కు.