చవక పిస్టల్ మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇది అమెరికాలో ఉంటున్న మన వాళ్ళ కోసం. గ్యాస్ స్టేషనో, చిన్న స్టోరో నడుపుతూ అర్ధరాత్రి గల్లా లెక్క చూసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: మూడు వందల డాలర్ల దగ్గర్లో నమ్మదగ్గ పిస్టల్ ఏది? టారస్ జీ2సీ, జీ3సీ, రూగర్ ఈసీ9ఎస్, స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 లాంటివి అటూఇటుగా ఆ ధరలోనే ఉంటాయి. ఇంకా కిందికి దిగితే ఒహాయోలో తయారయ్యే హై-పాయింట్ సీ9. దాని స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి వెళ్ళొచ్చే పై భాగం) జింక్ మిశ్రమంతో పోతపోసింది కాబట్టి బరువు, చూడ్డానికి మొరటు. ఇవన్నీ 9 ఎంఎం పిస్టళ్ళే. ఏది గొప్పదన్న వాదనకు అంతుండదు. చేతికొచ్చిన ఆ ఒక్క పిస్టల్‌ని మీరు షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూశారా లేదా అన్నదే అసలు సంగతి. అందుకే డబ్బంతా తుపాకీకే పోయకండి. తూటాలకు, తాళం పెట్టెకు కనీసం నూట యాభై డాలర్లు పక్కన ఉంచుకోండి.

షాపులోనే పని ఆగిపోయింది

తుపాకీ కొనేటప్పుడు డీలర్ దగ్గర నింపే ఫెడరల్ ఫారం 4473లో మీ వీసా సంగతి అడుగుతారు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, లాయర్‌ని అడగకుండా వాటి జోలికి పోవద్దు. గ్రీన్‌కార్డ్ ఉంటే ఈ అడ్డు లేదు. స్టోర్ ఓనర్లు గమనించాల్సింది మరొకటుంది. కౌంటర్ కింద మీ పిస్టల్ పెట్టి, రాత్రి షిఫ్ట్‌లో వీసా మీదున్న కుర్రాడికి "అవసరమైతే తియ్యి" అని చెప్పి వెళ్తే ఇరుక్కునేది అతనొక్కడే కాదు, మీరు కూడా. అతని కోసం మీ పేరు మీద కొనివ్వడం వేరే నేరం.

కాల్చాక ఖాళీ కేసు (తూటా గుల్ల) బయటపడకుండా స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటోంది

కొత్తవాళ్ళకు చిన్న పిస్టళ్ళతో ఎక్కువగా వచ్చే తంటా ఇదే. సగం మంది పిస్టల్ చెడిపోయిందనుకుని తిరిగి షాపుకు పరిగెడతారు. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళాలంటే కింది ఫ్రేమ్ కదలకుండా నిలబడాలి. మణికట్టు సడలితే ఫ్రేమ్ కూడా వెనక్కి ఊగుతుంది, స్లైడ్ సగంలో ఆగుతుంది. తేలికపాటి పాలిమర్ (ప్లాస్టిక్ ఫ్రేమ్) పిస్టళ్ళలో ఇది మరీ ఎక్కువ.

పట్టుకోవడం సులువు. అదే పిస్టల్, అదే మ్యాగజైన్ (పిడిలోకి దూర్చే తూటాల డబ్బా), అవే తూటాలు బాగా అలవాటున్న మనిషికిచ్చి రెండు మ్యాగజైన్లు కాల్చమనండి. ఆయన చేతిలో సాఫీగా నడిస్తే లోపం మీ పట్టులో ఉన్నట్టే. పిడిని వీలైనంత పైకి పట్టుకుని, రెండో చేత్తో గట్టిగా బిగించి, మణికట్టు వంగకుండా చూసుకోండి. ఆయనకూ ఇరుక్కుంటే 115 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) చవక తూటాలు పక్కన పెట్టి 124 గ్రెయిన్లవి వేసి చూడండి. అప్పటికీ మారకపోతే కేసును లాగే ఎక్స్‌ట్రాక్టర్ మీద అనుమానపడాలి. అది కంపెనీకి పంపాల్సిన పనే, ఇంట్లో ఆకురాయి పట్టుకోకండి.

తూటా బ్యారెల్‌లోకి ఎక్కకుండా ముక్కు కిందికి పొడుచుకుని ఆగుతోంది

ముందు మ్యాగజైన్‌ని చూడండి. చవక పిస్టళ్ళలో డబ్బు మిగుల్చుకునే చోటు చాలాసార్లు అదే. పైన తూటాను పట్టి ఉంచే అంచులు కాస్త వంగినా, స్ప్రింగ్ బలహీనమైనా ఇలా అవుతుంది. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2 అని రాసుకోండి. ఆగిన ప్రతిసారీ ఏ నంబరో చూడండి. ఎప్పుడూ రెండోదే అయితే దాన్ని పారేసి కంపెనీదే కొత్తది కొనుక్కోండి, పిస్టల్ జోలికి పోనక్కర్లేదు.

గుండ్రటి ముక్కు తూటాలు ఎక్కుతూ, హాలో పాయింట్‌వి (ముక్కులో గుంట ఉన్నవి) మాత్రమే ఆగుతుంటే మరో బ్రాండ్ ప్రయత్నించండి. ముక్కు ఆకారం బ్రాండ్‌ని బట్టి మారుతుంది. హాలో పాయింట్ ఖరీదెక్కువని ఒక్కటి కూడా కాల్చకుండా ఇంట్లో నింపి పెట్టుకునేవాళ్ళున్నారు. కనీసం ఒక పెట్టె కాల్చి చూడాల్సిందే.

టిక్ మంది, పేలలేదు

పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే కానీ ఉంటాయి. తర్వాత తూటా తీసి వెనక ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ళ) మీద గుంట చూడండి. గుంట లోతుగా పడి ఉంటే తప్పు తూటాది, బ్రాండ్ మార్చండి. పైపైన గీరినట్టుంటే ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్‌కు బలం చాలడం లేదు. కొత్త పిస్టల్‌లో ఫ్యాక్టరీ గ్రీజు పేరుకుని ఉండొచ్చు, పాతదైతే ఎవరో ఫైరింగ్ పిన్ కదిలే గొట్టంలో నూనె పోసి ఉంటారు, మసి చేరి జిగురైపోతుంది. శుభ్రం చేయించి, అక్కడ పొడిగా వదిలేయండి.

జీ2సీలో ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితే రెండో దెబ్బ పడుతుంది. సదుపాయమే కానీ, దీనివల్ల జబ్బు కప్పబడిపోతుంది. రెండో నొక్కుకు పేలిందని, మొరాయించిన లెక్కలోంచి దాన్ని తీసేయకండి.

పేలిన శబ్దం ఎప్పటిలా కాక టప్ మని చిన్నగా వచ్చిందా? ఇంకొకటి కాల్చొద్దు. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

ఆఖరి రౌండ్ అయ్యాక స్లైడ్ వెనక ఆగడం లేదు

చాలావరకు మీ బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక ఆపే మీట) మీద ఆనుతోంది. వేలు జరపండి.

గుళ్ళన్నీ కింద ఎడమకు పోతున్నాయి

కుడిచేతివాళ్ళకు ఇది ట్రిగ్గర్ జబ్బు. పాత ఎస్‌డీ9వీఈ లాంటి వాటి ట్రిగ్గర్ బరువు, నొక్కేటప్పుడు చెయ్యంతా బిగుసుకుంటుంది. ఇంట్లో పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసి, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, డమ్మీ రౌండ్లతో (మందు లేని ఉత్తుత్తి తూటాలతో) రోజూ పది నిమిషాలు సాధన చేయండి. ఇరవై డాలర్ల తేలిక స్ప్రింగులు కొని మార్చొద్దు. కొన్నిటితో గుంట లోతు తగ్గి, పైన చెప్పిన టిక్ మొదలవుతుంది.

ఇంటావిడకో అమ్మకో స్లైడ్ లాగడం రావట్లేదు

చిన్న పిస్టలైతే సులువనుకుంటాం కానీ, అందులోనే స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. స్లైడ్‌ని లాగే బదులు దాన్ని గట్టిగా పట్టుకుని, పిడిని ముందుకు నెట్టమని చెప్పండి, సగం మందికి ఇది చాలు. కాకపోతే కాస్త పెద్ద పిస్టల్ చూడండి. "రివాల్వర్ కొనేయండి, ఎప్పుడూ ఆగదు" అనే సలహా పూర్తిగా నమ్మొద్దు. దాని ట్రిగ్గర్ బరువు, తేలిక .38 రివాల్వర్ చేతిని బాగానే కుదుపుతుంది.

పాతది చవగ్గా దొరుకుతోంది

పోలీసు శాఖలు మార్చేసిన గ్లాక్ కంపెనీ .40 బోరు పిస్టళ్ళు చాలాసార్లు మంచి బేరం. బయట గీతలున్నా లోపల వాడకం తక్కువ. ఏదైనా సరే, సీరియల్ నంబర్‌తో కంపెనీ రీకాల్ (లోపం వల్ల వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. 2008లో రూగర్ తన తొలి ఎల్‌సీపీ పిస్టళ్ళను వెనక్కి పిలిచింది. కింద పడితే పేలే ప్రమాదం ఉందన్న ఆరోపణపై 2015లో టారస్ తొమ్మిది పాత మోడళ్ళ విషయంలో కోర్టులో రాజీ చేసుకుంది. వాటిలో పీటీ-111 మిలీనియం ఒకటి. ఇలాంటివే ఇప్పటికీ చేతులు మారుతుంటాయి.

పిల్లలున్నారు, దిండు కింద పెట్టుకుంటున్నాం

ఇది మాత్రం ఈ రాత్రే మానేయండి. బటన్లతో తెరుచుకునే చిన్న ఇనుప పెట్టె మంచం పక్కన బిగిస్తే రెండు మూడు సెకన్లలో చేతికొస్తుంది. డీలర్ దగ్గర కొన్న పిస్టల్‌తో పాటు తాళమో భద్రపరిచే సాధనమో ఇవ్వాలని చట్టమే ఉంది. చాలా ఊళ్ళలో పోలీస్ స్టేషన్లో కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు. షాపు కౌంటర్ కింద పెట్టినా అంతే, తాళం లేకుండా వద్దు.

అన్నీ చేశాం, ఇంకా ఆగుతూనే ఉంది

కొత్త మ్యాగజైన్, రెండు రకాల తూటాలు, ఇంకొకరి చెయ్యి: ఈ మూడూ అయ్యాక కూడా ఆగుతుంటే కంపెనీకి పంపండి. తిరిగొచ్చాక రెండు వందల రౌండ్లు కాల్చి చూడండి. మళ్ళీ అదే తంతైతే వదిలించుకోండి. డీలర్‌కే అమ్మితే లోపం చెప్పి అమ్మండి. డల్లాస్‌లో ఉన్న మీరు అట్లాంటాలోని బావమరిదికి నేరుగా ఇవ్వకూడదు. వేరే రాష్ట్రం వాళ్ళకైతే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే చేతులు మారాలి. ఇండియాకు తీసుకెళ్దామన్న ఆలోచన అసలే వద్దు, అక్కడ 9 ఎంఎం మామూలు జనానికి నిషిద్ధ బోరు (అనుమతి లేని తూటా సైజు).