పాత ఫ్లాటుకు కొత్త వంటగది, కొత్త రంగు: ఏ పని ముందు, ఏ పని వెనుక

హైదరాబాదులో పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఫ్లాట్లలో ఉంటున్నవారు ఇంటిని కొత్తగా తీర్చిదిద్దుకోవాలనుకున్నప్పుడు చాలామంది మొదట షేడ్ కార్డు (రంగుల నమూనాల పట్టిక) తెరుస్తారు. నా అనుభవంలో రంగు అన్నిటికంటే చివర చేయవలసిన పని. ముందు గోడల్లోని చెమ్మ, తర్వాత వంటగది, దాంతోపాటు కరెంటు పాయింట్లు, దీపాలు, ఇవన్నీ కుదిరాకే రంగు. ఈ వరుస తప్పితే ఒకే గోడకు రెండుసార్లు డబ్బు పెట్టవలసి వస్తుంది. మల్కాజిగిరిలోని మా ఫ్లాటులో అదే జరిగింది. ఎంతో ఇష్టపడి హాలుకు వేయించిన లేత ఆకుపచ్చ రంగు మరుసటి వానాకాలం ముగియకముందే బాత్‌రూమ్ పక్క గోడ మీద పొక్కులుగా లేచి, వేలితో తాకితే పెచ్చులుగా రాలింది. రంగులో ఏ లోపమూ లేదు. గోడకు అవతల బాత్‌రూమ్ టైల్స్ సందుల్లో నింపిన గ్రౌటు అరిగిపోయి నీరు మెల్లగా ఇటువైపు ఇంకుతూ వచ్చింది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. అనుమానమున్న చోట అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి, రెండు రోజులు అలాగే వదిలేయాలి. గోడకు ఆనుకున్న వైపు నీటి చుక్కలు కనబడితే తడి గోడలోనుంచి వస్తున్నట్టు, గది వైపు కనబడితే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువగా ఉన్నట్టు. మొదటిదైతే బాత్‌రూమ్ గ్రౌటును గీకి తీసి నీరు ఇంకని ఎపాక్సీ గ్రౌటు నింపించడం, పైపు జాయింట్లు చూపించడం, చివరి అంతస్తులో ఉన్నవారైతే టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించడం తప్పవు. ఆ పని జూన్‌లో వానలు మొదలయ్యేలోపు పూర్తి కావాలి. గోడ మీద తెల్లగా ఉప్పు తేలి ఉంటే దానిని నీళ్లతో కడగకుండా పొడి బ్రష్షుతో దులపాలి, ఎందుకంటే కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. కొత్తగా సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన చోట వారం రోజులు తడిపి, మొత్తం మీద 28 రోజులైనా ఆరనిచ్చాక మాత్రమే లప్పం పట్టించాలి. పెయింటర్ తొందరపడినా ఇంటివారు తొందరపడకూడదు.

ఇక వంటగది. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆలోచన దీనికే అవసరం. డిజైన్ చేసేవారు కంప్యూటర్‌లో చూపించే బొమ్మలకు మురిసిపోయే ముందు ఒక పని చేయండి: ఇంట్లో రోజూ వంట చేసేవారిని గోడ పక్కన నిలబెట్టి, మోచేయి ఎక్కడికి వస్తుందో పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ గీతకు సుమారు నాలుగు అంగుళాలు కింద కూరలు తరిగే గట్టు ఉండాలి. మా అమ్మ ఎత్తు అయిదడుగులు. ఆమె మోచేయి నేలకు 37 అంగుళాల ఎత్తున ఉంది కనుక మా గట్టు 33 అంగుళాలకు కుదిరింది. మామూలుగా అందరికీ పెట్టే ఎత్తు 34 అంగుళాలు. తేడా ఒక్క అంగుళమే అయినా రోజుకు మూడు గంటలు నిలబడి పనిచేసే భుజాలకు ఆ అంగుళం తెలుస్తుంది. అయితే స్టవ్ ఎత్తు, దాని మీద పెట్టిన గిన్నె ఎత్తు కలిస్తే కలియబెట్టే చోటు ఇంకా పైకి పోతుంది. అందుకే స్టవ్ ఉండే భాగాన్ని మరో రెండు మూడు అంగుళాలు దించి కట్టించుకుంటే, పెద్ద గిన్నెలో పులిహోర కలిపేటప్పుడు చేయి భుజం దాటి లేవదు. గట్టు లోతు 24 అంగుళాలు, గట్టుకూ పై అరలకూ మధ్య ఖాళీ కూడా దాదాపు అంతే ఉంటే సౌకర్యం.

అరలు, సొరుగులు ఎన్ని కావాలో నిర్ణయించే ముందు ఇంట్లోని సామాన్లన్నీ ఒకసారి హాల్లో నేల మీద పరచి చూడాలి. ఇది కొంచెం శ్రమ అనిపించినా దీన్ని మించిన ప్రణాళిక లేదు. నెలకు తెచ్చే బియ్యం బస్తా ఎంత ఎత్తు, ఇడ్లీ కుక్కర్ ఎంత వెడల్పు, ఆవకాయ జాడీలు ఎన్ని, పండగలకు మాత్రమే దించే గుండిగలు ఎన్ని అన్నది అప్పుడు కళ్లకు కడుతుంది. వెట్ గ్రైండర్‌ను కింది అరలో పెట్టి ప్రతిసారీ ఎత్తి దించడం నడుముకు మంచిది కాదు, గట్టు మీదనే ఒక మూల దానికి చోటు, పక్కనే ప్లగ్ పాయింట్ పెట్టించాలి. బరువైన గిన్నెలకు కింద లోతైన సొరుగులు, పోపుల పెట్టెకు స్టవ్ పక్కనే చేతికందే పలచని సొరుగు బాగుంటాయి. జాడీలను మాత్రం స్టవ్ పై అరల్లో పెట్టకండి, ఆ వేడికి పచ్చడి రంగు, రుచి రెండూ మారతాయి.

చెక్క విషయంలో రాజీ పడకూడదు. ప్లైవుడ్‌లో ఎంఆర్ (కొద్దిపాటి తేమను తట్టుకునే) రకం పడకగది అల్మారాలకు సరిపోతుంది కానీ నీరు, ఆవిరి తగిలే వంటగదికి బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) రకమే కావాలి. దాని ప్రమాణం ఐఎస్ 710, ఆ ప్రమాణం ప్రకారం నమూనా ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదు. షీటు మీద ఐఎస్‌ఐ ముద్రతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దానిని భారత ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఎవరిదో, చెల్లుతుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. షీట్లు కోయకముందే, ఇంటికి దిగిన రోజునే ఈ పని చేయండి, పైన లామినేట్ (రంగుల పలచని రేకు) అంటించాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు. మా పాత వంటగదిలో సింక్ కింది అర పార్టికల్ బోర్డుతో (చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకతో) చేసినది. సన్నగా కారిన నీటికే దాని అడుగు ఉబ్బి, చేత్తో నొక్కితే తడిసిన రస్కులా విరిగిపోయింది. అందుకే ఈసారి సింక్ కింద చెక్క అడుగు అసలు పెట్టించలేదు. ఆ భాగం నేల దాకా ఖాళీగా, టైల్స్‌తో ఉంది. నీరు కారితే వెంటనే కనబడుతుంది, తుడవడమూ తేలిక.

గట్టు మీద రాయికి మన ప్రాంతానికి మించిన చోటు లేదు. కరీంనగర్ టాన్ బ్రౌన్, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్లు దేశదేశాలకు ఎగుమతి అవుతున్నవే. పాలరాయి చూపుకు బాగున్నా అది కాల్షియం కార్బొనేట్ కనుక నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. గ్రానైట్‌కు ఆ ఇబ్బంది లేదు. క్వార్ట్జ్ పలకల్లో రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) కలిసి ఉంటుంది కనుక పొయ్యి మీది గిన్నెను నేరుగా దించకూడదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్లటి, నున్నటి రాయి మీద తెల్లమరకలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, అటువంటివారు బూడిద రంగు లేదా గోధుమ రంగు రాయి ఎంచుకుంటే రోజూ తుడిచే శ్రమ తగ్గుతుంది.

మన తాలింపులకు, ఎండుమిర్చి ఘాటుకు చిమ్నీ ఉండవలసిందే. అది స్టవ్‌కు 24 నుంచి 30 అంగుళాల ఎత్తులో, ఆరంగుళాల పైపుతో, వీలైనన్ని తక్కువ వంపులతో నేరుగా బయటికి పొగను పంపేది అయి ఉండాలి. పైపు లేని చిమ్నీలు బొగ్గు ఫిల్టర్‌తో వాసనను కొంత తగ్గిస్తాయే తప్ప వేడినీ ఆవిరినీ తిరిగి గదిలోకే వదులుతాయి. సిలిండర్‌ను అరలో దాచే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. ఎల్పీజీ గాలికన్నా బరువైనది కనుక లీకైతే అరలో కిందనే పేరుకుంటుంది, అందుకే ఆ తలుపుకు అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. పైపు ద్వారా వచ్చే సహజవాయువు గాలికన్నా తేలిక, అది వాడేవారికి పైన వెంటిలేటర్ తెరచి ఉండటం ముఖ్యం. మూసేయమని డిజైనర్ ఎంత నచ్చజెప్పినా వినవద్దని నా మనవి.

కరెంటు పని టైల్స్ అంటించే ముందే జరగాలి. ఓవెన్‌కు, ఇండక్షన్ స్టవ్‌కు 16 ఆంపియర్ల పాయింట్లు, మిక్సీకి 6 ఆంపియర్లది, మొత్తం వంటగది లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉండేలా చూడండి. స్విచ్చులు, దీపాలు, నల్లాలు ఒకేచోట పోల్చి చూసి కొనాలంటే కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌లో ఒక పూట గడపడం మంచిది.

ఈ మధ్య విల్లాల్లోనూ పెద్ద ఫ్లాట్లలోనూ టీవీ గోడకు ఫైర్‌ప్లేస్ అడుగుతున్నవారు కనబడుతున్నారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కొద్దిరోజులు చలి ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరికి నిప్పు గూడు వెచ్చదనం కోసం అవసరం లేదు. అలంకారం కోసమే కావాలనుకుంటే హీటర్ ఆపి మంట వెలుగు మాత్రమే చూపగల ఎలక్ట్రిక్ రకం చాలు. హీటర్ కూడా వాడితే 2,000 వాట్లకు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కనుక దానికి విడిగా 16 ఆంపియర్ల పాయింట్ ఇవ్వాలి, వేడిగాలి టీవీకి తగలని మోడల్ ఎంచుకోవాలి. ఎథనాల్‌తో వెలిగే రకాన్ని తలుపులు బిగించిన ఏసీ గదిలో వాడకూడదు, అది గదిలోని ఆక్సిజన్‌నే తీసుకుంటుంది. వేడిగా ఉండగా అందులో ఇంధనం పోయనూ కూడదు. నన్నడిగితే, ఆ గోడ మీద చూపు నిలిచే చోటు ఒకటి కావాలన్నదే అసలు కోరిక. మన పాత ఇళ్లలో దీపం పెట్టే గూడు ఆ పని చేసేది. ఇటుక గోడలో అటువంటి గూడును తీయించి, లోపల తాండూరు రాయి అంటించి, పైన చిన్న దీపం అమరిస్తే ఏడాది పొడవునా అందంగా ఉంటుంది. కాలమ్‌లను, బీమ్‌లను మాత్రం తాకకూడదు. మివాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి) కట్టిన టవర్లలో గోడలన్నీ కాంక్రీటువే కనుక అక్కడ గూడు తొలిచే ఆలోచనే పెట్టుకోకండి.

ఇప్పుడు రంగు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పాత ఆయిల్ పెయింట్‌ను, ముఖ్యంగా తలుపులు, కిటికీ గ్రిల్స్ మీద ఉన్నదాన్ని, పొడిగా గీకితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. తడిపి గీకించండి. ఆ రోజుల్లో చిన్నపిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకండి. వంటగది గోడలను ముందు డిటర్జెంటు నీళ్లతో కడిగి జిడ్డు వదిలించకపోతే ఎంత ఖరీదైన రంగైనా పట్టదు. గీకిన గోడకు రెండు కోట్లు లప్పం, ఎమరీ కాగితంతో నునుపు, ప్రైమర్, ఆపైన రెండు కోట్లు ఎమల్షన్ (నీళ్లలో కలిపే గోడ రంగు), ఇదీ పని. మెరుపు ఎక్కువ ఉన్న రంగు కడగడానికి వీలుగా ఉంటుంది కానీ గోడలోని ఎగుడుదిగుళ్లను కూడా చూపిస్తుంది.

షేడ్ కార్డులో అంగుళం ముక్కను చూసి రంగు ఖాయం చేయవద్దు. రెండడుగుల అట్టముక్కకు ఆ రంగును రెండు కోట్లు వేసి, పొద్దున, సాయంత్రం నాలుగింటికి, రాత్రి దీపం కింద, ఒక్కో గోడ దగ్గర నిలబెట్టి చూడాలి. మా పడమటి గదికి ఎంచుకున్న లేత దంతపు రంగు, సాయంత్రపు ఎండలో, 3,000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలితెలుపు) బల్బు కింద ముదురు పసుపులా కనబడింది. అదే అట్టను తూర్పు గదిలో పెడితే పాలమీగడలా ఉంది. 6,500 కెల్విన్ తెల్ల దీపం కింద బూడిద రంగులు నీలంగా తోస్తాయి కనుక 4,000 కెల్విన్ దీపాలు నడిమధ్యగా సరిపోతాయి. నేల రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. శాబాదు బండల నీలిబూడిద నేల ఉన్న ఇంట్లో చల్లటి తెలుపు వేస్తే గది బోసిగా అనిపిస్తుంది, కాస్త వెచ్చదనమున్న తెలుపు, దానికి తోడు పోచంపల్లి ఇక్కత్ కర్టెన్ల ఎరుపో ఇటుక రంగో ఉంటే ఆ నేల ఎంతో నిండుగా కనబడుతుంది.

పెయింటర్‌తో ధర మాట్లాడేటప్పుడు ఫ్లాటు విస్తీర్ణం మీదా, గోడల అసలు కొలత మీదా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. 12 అడుగులకు 11 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అయితే గోడలు 460 చదరపు అడుగులు, తలుపు, కిటికీలు తీసివేస్తే దాదాపు 400 మిగులుతాయి. ఒక గదికి కావలసిన రంగంతా ఒకేసారి, ఒకే బ్యాచ్‌లో కలిపించండి. పని ముగిశాక మిగిలినదాన్ని గట్టి మూత ఉన్న సీసాలో పోసి, గది పేరు, షేడు నంబరు, తేదీ రాసిన కాగితం అంటించి, అటక మీద వేడి తగలని మూల పెట్టండి.