విండ్‌చీటర్ వేసుకున్నా వణుకుతున్నారా? ముందు బనియన్ తడిమి చూడండి

డిసెంబరు వచ్చిందంటే చాలు, నా ఫోనుకు ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. కొత్త జాకెట్, దాని లేబుల్, కింద ఒక ప్రశ్న: "అన్నా, దీంట్లోనూ గాలి దూరతాంది. ఇంకేదైనా మంచిది చెప్పు." అనంతపురంలో తెల్లారకముందే సైకిల్ తొక్కేవాళ్లు, జేఎన్‌టీయూ వైపు పరుగుకు వెళ్లేవాళ్లు, క్రిస్మస్ సెలవుల్లో ఉత్తరాఖండ్ ట్రెక్కింగ్‌కు పోయేవాళ్లు, అందరిదీ ఇదే గోడు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: చలి ఎప్పుడు మొదలైంది? బయల్దేరిన ఐదు నిమిషాలకా, అరగంటకా, ఆగిన తర్వాతా? దీనికి జవాబు చెప్పకుండా మళ్లీ బ్రాండు పేరే అడుగుతారు.

ఆ జవాబులోనే సగం పని అయిపోతుంది. మొదటి ఐదు నిమిషాల్లోనే ఛాతీ చల్లబడితే తప్పు జాకెట్‌ది. ఇరవై నిమిషాలు హాయిగా ఉండి, ఆ తర్వాత దిగుడులోనో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడో వణుకు పుడితే జాకెట్‌ను తిట్టుకోవడం దండగ. వేళ్లు, చెవులు మాత్రమే జివ్వుమంటుంటే అది వేరే లెక్క.

బయల్దేరగానే ఛాతీకి గాలి కొడుతోంది

పదిమందిలో ఎక్కువమంది వేసుకొచ్చేది ఫ్లీస్ అనే బూరు గుడ్డ జాకెట్. లోపల బూరులాగా మెత్తగా ఉంటుంది, షాపులో వేసుకుంటే వెచ్చగా ఉంటుంది, దాంతో కొనేస్తారు. ఫ్లీస్ వెచ్చదనమంతా ఆ బూరులో నిలిచిన గాలిదే. ఎదురుగాలి కొట్టగానే ఆ నిలిచిన గాలి కొట్టుకుపోతుంది. షాపులో ఎదురుగాలి ఉండదు కాబట్టి అక్కడ తెలియదు.

కొనేముందు గుడ్డను నోటికి ఆనించి గట్టిగా ఊదండి, అవతల అరచేయి పెట్టండి. చేతికి గాలి ధారాళంగా తగిలితే అది విండ్‌ప్రూఫ్ కాదు, లేబుల్ మీద ఏం రాసినా సరే. కష్టపడి ఊదితే కొద్దిగా తగిలిందా, పరుగుకూ సైకిల్‌కూ మంచి గుడ్డ. అస్సలు తగలలేదా, లోపల మెంబ్రేన్ అనే గాలి చొరని సన్నటి పొరో, ప్లాస్టిక్ పూతో ఉంది. అది గాలిని పూర్తిగా ఆపుతుంది, కానీ దాని సంగతి కింద ఉంది, అది చదివాకే డబ్బు కట్టండి.

మా దగ్గర జనవరి తెల్లవారుజామున మామూలుగా ఉండేది 15 డిగ్రీల అటూ ఇటూ. ఆకు కదలకపోయినా 25 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కేవాడికి అంత ఎదురుగాలి ఉన్నట్టే. ఉరవకొండ వైపు గాలిమరలు తిరిగే మైదానాల్లోకి వెళ్తే అసలు గాలి దానికి తోడు. అయినా లెక్క చూస్తే మరీ భయపడేదేమీ లేదు. 10 డిగ్రీల చలిలో 25 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి సుమారు 7 డిగ్రీలుగా తెలుస్తుంది, అంతే. మైనస్ 10లో 30 కిలోమీటర్ల గాలి అయితే మైనస్ 20 దగ్గరికి పోతుంది. మంచు కొండలకు కొనే జాకెట్ ఇక్కడ ఎందుకు ఉక్కబోస్తుందో ఈ తేడాలోనే ఉంది.

ఫ్లీస్ కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. దాని మీద పల్చటి నైలాన్ విండ్‌చీటర్ ఒకటి వేస్తే చాలు, మడిస్తే పిడికిట్లో పట్టే రకం. సైకిల్ వాళ్లకైతే చేతుల్లేనిది, ముందువైపు గాలి ఆపే గుడ్డ, వీపున జాలీ ఉన్నది మేలు. గాలి వచ్చేది ముందునుంచే కదా, వీపు మూయడం ఎందుకు? ఏదీ లేని రోజు టీషర్టు లోపల ఛాతీ మీద న్యూస్‌పేపర్ రెండు మడతలు పెట్టుకోండి. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో కొండ దిగేముందు సైక్లిస్టులు చేసిన పనే అది, నామోషీ ఏమీ లేదు.

ఇరవై నిమిషాలు బాగుంది, తర్వాత వణుకు

ఎక్కువమందిని ముంచేది ఇదే. పైకి గాలి సమస్యలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

ముందు చేయాల్సింది ఇది: ఆగండి. జాకెట్ కింద నుంచి చెయ్యి పెట్టి రెండు భుజాల మధ్య బనియన్‌ను తడమండి. తడిగా ఉందా? అయితే గాలి ఎక్కడినుంచీ రావట్లేదు. మీ చెమటే మిమ్మల్ని చల్లబరుస్తోంది. పది సెకన్ల పని ఇది. ఎన్నిసార్లు చెప్పినా చేయకుండా నేరుగా షాపుకు వెళ్తారు.

లోపల జరిగేది ఇదీ. గట్టిగా తొక్కుతున్నా, కొండ ఎక్కుతున్నా ఒళ్లు వేడెక్కి చెమట ఆవిరవుతుంది. గాలి చొరని జాకెట్‌లో ఆ ఆవిరికి దారి లేదు. అన్నం గిన్నె మూత లోపల నీటిచుక్కలు పట్టినట్టు, జాకెట్ చల్లటి లోపలి వైపు ఆవిరి నీరై మళ్లీ బనియన్‌లోకే దిగుతుంది. చేతి మడత తిరగేసి చూస్తే చుక్కలు కనిపిస్తాయి. "మంచు లోపలికి దిగింది" అనుకుంటారు కొందరు. ఆ చుక్కలు ఒంట్లోంచి వచ్చినవే.

కష్టపడుతున్నంతసేపూ ఒళ్లు పుట్టించే వేడి ఆ తడిని కప్పిపుచ్చుతుంది. ఆగగానే వేడి పుట్టడం తగ్గుతుంది, తడి మాత్రం అక్కడే ఉంటుంది. నీళ్లు గాలికంటే పాతిక రెట్లు దాకా వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. అది చాలక ఆ నీరు ఆరడానికి కావలసిన వేడీ మన ఒంట్లోంచే పోవాలి, లీటరు చెమట ఆరాలంటే దాదాపు 580 కిలో క్యాలరీలు. కాస్త కదిలితే చల్లటి బనియన్ కొత్తచోట చర్మానికి తగులుతుంది. అది అచ్చం లోపలికి గాలి దూరినట్టే ఉంటుంది. దాంతో ఇంకా మందం జాకెట్, ఇంకా బిగుతు గుడ్డ కొంటారు. చెమట ఇంకా పడుతుంది, వణుకు ఇంకా పెరుగుతుంది. బీరువాలో మూడు జాకెట్లు పెట్టుకుని నాలుగోదాని గురించి అడిగేవాళ్లు నాకు తెలుసు.

గుత్తి కోట ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కింద చలిగా ఉందని గొంతుదాకా జిప్ వేసుకుని మెట్లెక్కుతారు. పైన మురారిరావు గద్దె దగ్గరకు చేరేసరికి ఈడ్చి కొట్టే గాలి. ఒకసారి మాతో వచ్చిన ఒకబ్బాయి అక్కడ పళ్లు టకటకలాడిస్తూ, "కుట్లలోంచి గాలి వస్తాందన్నా, టేపు వేయించాల" అని పట్టుబట్టాడు. జాకెట్ విప్పించి బనియన్ పిండమన్నాం. రాతి మీద నీళ్లు ధార కట్టాయి. ఇంకొకరి బ్యాగులోంచి పొడి టీషర్టు తీసిచ్చి, పైన అదే జాకెట్ వేయించాం. కాసేపటికి అదే గాలిలో కూర్చుని ఫొటోలు దిగుతున్నాడు. టేపు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇందులో పెద్ద దోషి కాటన్ బనియన్. ఆదోని పత్తి మార్కెట్ పక్కనే పెట్టుకుని ఈ మాట అనడం కాస్త ఇబ్బందే, కానీ నిజం. 42 డిగ్రీల ఎండలో కాటన్‌ను మించింది లేదు, తడిసి ఒళ్లు చల్లబరుస్తుంది కాబట్టే. చలికాలంలోనూ అది ఆ పనే చేస్తుంది. పత్తి నూలు నీళ్లు తాగి వదలదు. పాలిస్టర్ నూలు దాదాపు తాగదు, తడి గుడ్డ పైకి పాకి త్వరగా ఆరుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, కానీ మెరినో ఉన్ని బనియన్ ధర వింటే చెమట అక్కడే పడుతుంది. ఫుట్‌బాల్ ఆడే పిల్లలు వేసుకునే మామూలు పాలిస్టర్ జెర్సీ చాలు. ఒంటికి అంటుకునే సైజు తీసుకోండి, వదులుగా ఉంటే చెమటను లాగదు.

బనియన్ మార్చాక రెండో పని, అలవాటు మార్చడం. ఇంటి గేటు దగ్గర కాస్త చలిగా అనిపించాలి. అక్కడే వెచ్చగా ఉంటే పది నిమిషాలకు తడిసిపోతారు. చలి వేస్తోందని ఇంట్లోంచే పూర్తిగా జిప్ వేసుకుని బయల్దేరడమే అసలు తప్పు. ఎక్కుడు మొదలవకముందే జిప్ ఛాతీ కిందికి దించండి, నుదుటి మీద చెమట కనిపించేదాకా ఆగకండి. పైకి చేరగానే, చల్లబడకముందే, మళ్లీ గొంతుదాకా వేయండి. దిగుడులో గాలి ఆపడం జాకెట్ పని, ఎక్కుడులో దానికి పని లేదు, నడుముకు కట్టుకోండి.

మూడోది, పాలిథీన్ కవర్లో ఒక పొడి బనియన్. ఉగ్గాని, బజ్జీ కోసం ఆగినప్పుడు ముందు బనియన్ మార్చుకుని తర్వాత ప్లేటు అందుకోండి. మావాళ్లు ప్లేటు వైపే పరిగెడతారు, రెండో బజ్జీకి వణుకుతుంటారు.

ఇక జాకెట్ ఎంపిక. మన దగ్గర జనవరి వాన అరుదు. అయినా అందరూ మొదట అడిగేది "వాటర్‌ప్రూఫా?" అని. నీళ్లు ఆపే జాకెట్ గాలినీ ఆపుతుంది, నిజమే. కానీ చవక రెయిన్‌కోటు రకం ఆవిరిని కూడా ఆపేస్తుంది, చిక్కంతా అక్కడే. లేబుల్ మీద చదరపు మీటరుకు 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి వదులుతుందో ఉంటే చూడండి. 5,000 అంటే నడకకు పర్వాలేదు, పరుగుకూ ఎక్కుడుకూ 10,000 దాటితే మంచిది, 20,000 అయితే ఇంకా మేలు. కొలిచే పద్ధతి కంపెనీకొకటి కాబట్టి ఆ అంకెను వేదవాక్కుగా తీసుకోకండి. అంకె అసలు లేకపోతే, ఊదితే కొద్దిగా గాలి పోయే పల్చటి నైలాన్ రకమే కొనండి. ఇప్పటికే రెయిన్‌కోటు కొనేసినవాళ్లు చంకల కింద జానెడు జిప్ వేయించుకోండి. రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకు అది చిటికెలో పని.

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. శిఖరం 3,810 మీటర్లు, ఆఖరి ఎక్కుడు తెల్లవారకముందే మొదలవుతుంది. క్యాంపులో చలికి భయపడి ఉన్నవన్నీ వేసుకుని బయల్దేరుతారు, గంటలో లోపలంతా తడి, పైన గాలి. ఇక్కడ వణుకుతో పోయేది అక్కడ హైపోథెర్మియా దాకా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయేదాకా వస్తుంది. పాలిస్టర్ బనియన్, ఫ్లీస్, పైన జిప్ తెరిచిన విండ్‌చీటర్ వేసుకుని నడవండి. పాలిస్టర్ దూది నింపిన జాకెట్ లేదా ఈకల జాకెట్ బ్యాగులో ఉంచి ఆగిన ప్రతిసారీ పైన వేసుకోండి, కదిలేముందు తీసేయండి. ఈకల జాకెట్ వేసుకుని ఎక్కితే అది చెమటకు తడిసి అణిగిపోతుంది, రాత్రి టెంట్‌లో కావలసినప్పుడు పనికిరాదు.

పోయినేడు బాగుంది, ఈ ఏడు పనిచేయట్లేదు

ఎలా ఉతికారో ఆలోచించుకోండి. మా బోరునీళ్లు ఉప్పదనం, సబ్బుపొడి సరిగా పోదు. అది గుడ్డలో పేరుకుంటే ఆవిరి దారి మూసుకుంటుంది. సువాసన కోసం పోసే కండిషనర్ ఇంకా చేటు. ద్రవ డిటర్జెంట్ కొద్దిగా వేసి, మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, నీడలో ఆరేయండి. లోపలి పూత బొబ్బలెక్కి పొరలుగా రాలుతుంటే, చేతికి జిగటగా అంటుతుంటే దాని ఆయుష్షు తీరింది. వేసవంతా రేకుల గదిలో ట్రంకుపెట్టెలో ఉంచితే అంతే. దానికి రిపేరు లేదు.

నడుము దగ్గర, మెడ దగ్గర మాత్రమే గాలి

సైజు. వదులు జాకెట్ కదిలినప్పుడల్లా లోపలి వెచ్చటి గాలిని బయటికి తోసేస్తుంది. అడుగున తాడు బిగించండి, మణికట్టు పట్టీ బిగించండి. జిప్ వెనకాల గుడ్డ పట్టీ లేకపోతే కుట్టించండి. సైకిల్‌కు వీపు వైపు పొడవున్నదే కొనాలి, షాపులో నిటారుగా నిలబడి కాకుండా హ్యాండిల్ పట్టినట్టు వంగి చూసుకోండి.

వేళ్లు, చెవులు లాగుతున్నాయి

ఛాతీ చల్లబడితే ఒళ్లు ముందు వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. కాబట్టి పైవన్నీ సరిచేశాకే గ్లోవ్స్ గురించి ఆలోచించండి. తర్వాత కూడా లాగుతుంటే గాలి ఆపే పల్చటి గ్లోవ్స్, హెల్మెట్ కింద చెవులు కప్పే బ్యాండ్. గ్లోవ్స్ బిగుతుగా ఉంటే ఉన్న రక్తం కూడా ఆగుతుంది, ఒక సైజు పెద్దది తీసుకోండి.

మిగతావి

కుట్లలోంచి గాలి రావడం, నకిలీ మెంబ్రేన్, జిప్ పళ్ల సందులు: అందరూ ముందు అనుమానించేది వీటినే, నిజంగా కారణమయ్యేది అరుదుగా. బనియన్ పొడిగా ఉండి, ఊదే పరీక్ష పాసై, సైజు సరిపోయాక కూడా చలి ఉంటేనే వీటిదాకా రండి. అందరూ టీషర్టుల్లో ఉన్నా మీకు మాత్రం ఏడాదంతా చలి వేస్తుంటే జాకెట్ షాపుకు కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.