పాత మస్టాంగ్ ఇంజన్లు – 3వ పాఠం: కాగితం మీది బలం, రోడ్డు మీది బలం

గత పాఠంలో 1965, 1966 ఫోర్డ్ మస్టాంగ్ చాసిస్ నంబరు చదవడం చూశాం. అందులో అయిదోది ఇంజన్ అక్షరం. ఈ పాఠమంతా నాలుగు అక్షరాల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు వాటిని గుర్తు చేసుకుందాం. టి అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, 120 హార్స్‌పవర్. మిగతా మూడూ 289 క్యూబిక్ అంగుళాల వి8లు, అంటే మన లెక్కలో 4.7 లీటర్లు. సి రెండు బ్యారెళ్ల (గాలి, పెట్రోలు కలిసి లోపలికి పోయే గొట్టాల) కార్బొరేటర్‌తో 200, ఏ నాలుగు బ్యారెళ్లతో 225, కె 271 హార్స్‌పవర్.

ఈ అక్షరం ఫ్యాక్టరీ ఏ ఇంజన్ పెట్టిందో చెబుతుంది, ఇప్పుడు బానెట్ కింద ఉన్నది అదేనని మాత్రం చెప్పదు. తలుపు మీది రేకును రివెట్లు తీసి మార్చేయవచ్చు. అందుకే డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు మీద కొట్టిన నంబరునే నమ్మండి. చక్రాలు కూడా చూడండి. ఆరు సిలిండర్ల బండికి నాలుగు నట్లు, వి8కు అయిదు. వి8 ఉండి చక్రానికి నాలుగే నట్లు కనిపిస్తే, ఆ ఇంజన్ తర్వాత ఎవరో మార్చి పెట్టినదే. అలాంటి బండికి బ్రేకులూ వెనక యాక్సిలూ చిన్న ఇంజన్‌వే మిగిలి ఉంటాయి, బేరం మొదలుపెట్టే ముందే అది లెక్కలోకి రావాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. పైన చెప్పినవన్నీ 'గ్రాస్' అంకెలు. ఇంజన్‌ను ఒంటరిగా స్టాండుకు ఎక్కించి, ఎయిర్ క్లీనర్ తీసేసి, ఫ్యాన్, ఆల్టర్నేటర్ల భారం లేకుండా, పొగ ఏ అడ్డూ లేకుండా బయటికి పోయేలా పెట్టి కొలిచినవి. 1972 నుంచి అమెరికా కంపెనీలు ఇవన్నీ బిగించి కొలిచిన 'నెట్' అంకెలు ప్రకటించాయి. 1971 బండికీ 1972 బండికీ హార్స్‌పవర్ పక్కపక్కన పెట్టి 'ఒక్క ఏడాదిలో ఇంత పడిపోయిందా' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తేడాలో పెద్ద భాగం కొలత మారడం వల్ల వచ్చిందే.

మరి మీ బండి నిజంగా ఎంత ఇస్తోందో ఎలా తెలుస్తుంది? డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే తిన్నగా ఉండే పోటీ ట్రాక్‌లో, క్వార్టర్ మైలు పరుగెత్తించి, చివరన వచ్చిన వేగం తీసుకోండి. పట్టిన సమయం వద్దు. సమయం మీరు క్లచ్ వదిలిన తీరు మీద, టైరు పట్టు మీద ఆధారపడుతుంది. చివరి వేగం చాలావరకు బలాన్నే చూపిస్తుంది. గంటకు మైళ్లలో ఉన్న ఆ వేగాన్ని 234తో భాగించండి. వచ్చిన అంకెను ఘనం చేయండి. దాన్ని డ్రైవర్‌తో సహా బండి బరువుతో, పౌండ్లలో, గుణించండి. 3,250 పౌండ్ల కె బండి 85 మైళ్లు చూపించిందనుకోండి. 85ను 234తో భాగిస్తే 0.363, ఘనం 0.048, గుణిస్తే సుమారు 156. కాగితం మీద 271! ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా మార్పుకు ముందొకసారి, తర్వాత ఒకసారి ఇదే లెక్క వేస్తే పెట్టిన డబ్బు ఫలించిందో లేదో తేలిపోతుంది.

పికప్ మందంగా ఉంటే వెంటనే ఇంజన్‌ను నిందించవద్దు, మొదట వెనక యాక్సిల్ నిష్పత్తి చూడండి, అంటే వెనక చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ బలాన్ని వాటికి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో. ముందు చక్రాలకు గట్టిగా చెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి స్టాండు పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ముందే దానిమీద సుద్దముక్కతో గీత గీసుకుంటే లెక్క తప్పదు. మూడు చుట్లు అయితే 3.00, మూడున్నర అయితే 3.50. రెండో చక్రం కదలదు కాబట్టి ఈ రెండు చుట్లూ రెండు చక్రాలూ కలిసి తిరిగే ఒక్క చుట్టుకు సమానం. రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్‌కే ఇది పనిచేస్తుంది. 25 అంగుళాల టైరుతో గంటకు 60 మైళ్ల దగ్గర 2.80 యాక్సిల్ ఇంజన్‌ను సుమారు 2,260 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంచుతుంది, 3.50 అయితే 2,820. అందుకే 2.80 ఉన్న సి ఇంజన్ ఆటోమేటిక్ బండి హైవే మీద హాయిగా పోతుంది, సిగ్నల్ దగ్గర బద్ధకంగా కదులుతుంది. అది రోగం కాదు.

రోగమంటే టైమింగ్ చైన్, అంటే వాల్వులను నడిపే క్యామ్‌ను క్రాంక్‌తో కలిపి తిప్పే గొలుసు. వయసు మీద పడ్డ 289ల్లో క్యామ్ గేరు పళ్లకు నైలాన్ పూత ఉన్నవి చాలా కనిపిస్తాయి. వేడికి అది పెళుసుబారి, ముక్కలై ఆయిల్ పాన్‌లో పడుతుంది. ఆ ముక్కలు ఆయిల్ పంపు పీల్చే జల్లెడకు అడ్డుపడితే బేరింగులు పోతాయి. పరీక్షకు పావుగంట చాలు. ముందు బ్యాటరీ వైరు తీసేయండి. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఎత్తండి. క్రాంక్ ముందున్న బోల్టుకు స్పానర్ వేసి గడియారం తిరిగే దిక్కులో తిప్పి, బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు కొనకు ఉండే బరువైన చక్రం) మీది గుర్తును సున్నా దగ్గర ఆపండి. ఇప్పుడు వెనక్కి మెల్లగా తిప్పుతూ డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ మీదే చూపు ఉంచండి. అది కదిలిన క్షణంలో ఆగి, బ్యాలెన్సర్ మీద ఎన్ని డిగ్రీలు వచ్చాయో చదవండి. అయిదు లోపు అయితే పరవాలేదు. ఎనిమిది, పది దాటితే చైన్, గేర్లు రెండూ మార్చాలి, ఈసారి పూర్తి ఉక్కువి వేయండి. ఆయిల్ పాన్ దించి జల్లెడ శుభ్రం చేయకుండా ఈ పని ముగించవద్దు. పాత ముక్కలు అక్కడే కాచుకుని ఉంటాయి.

టి ఇంజన్ వాళ్లకు వేరే చిక్కు ఉంది. ఫ్యాక్టరీ డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే బరువులు ఉండవు, ఇగ్నిషన్ ముందుకు జరగడమంతా, అంటే నిప్పురవ్వ ఇంకా ముందుగా పడటమంతా, కార్బొరేటర్ ఇచ్చే వ్యాక్యూమ్ (గాలి పీల్పు) మీదే ఆధారపడుతుంది. ఆటోలైట్ 1100 కార్బొరేటర్‌లో దీనికోసం ఒక స్పార్క్ కంట్రోల్ వాల్వు ఉంటుంది. అది లేని కార్బొరేటర్ పెడితే ఐడిల్ బాగుంటుంది, నిలబెట్టి రేజ్ చేసినా టైమింగ్ లైటులో గుర్తు కదులుతుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి, బండి చచ్చుబడుతుంది. కాబట్టి టైమింగ్ లైటును మాత్రమే నమ్మకండి. డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్ రెండింటినీ జతగా చూడాలి, మార్చితే జతగానే మార్చాలి. 1968 తర్వాతి డిస్ట్రిబ్యూటర్ వేస్తుంటే, ఆయిల్ పంపును తిప్పే ఆరు పలకల రాడ్డు సైజు కొనకముందే కొలవండి.

పెట్రోలు సంగతి క్లుప్తంగా: కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో, సికి 9.3, ఏకు 10.0, కెకు 10.5. పైకి పోయేకొద్దీ ఆక్టేన్ ఎక్కువ ఉన్న పెట్రోలే పోయాలి. లోడు మీద గలగల మోత వినిపిస్తే వెంటనే కాలు తీసి, టైమింగ్ రెండు డిగ్రీలు తగ్గించి చూడండి.

అభ్యాసం: 3,250 పౌండ్ల సి బండి క్వార్టర్ మైలు చివర 78 మైళ్లు చూపించింది. దాని బలమెంత? అదే బండిలో చైన్, గేర్లు మార్చాక 80 వస్తే పెరిగిందెంత? జవాబులు రాసి ఉంచుకోండి, నాలుగో పాఠంలో బ్యాలెన్సర్ గుర్తు జారిందేమో పిస్టన్ స్టాప్‌తో (పిస్టన్‌ను ఒకచోట ఆపే పరికరంతో) తేల్చేటప్పుడు అవి కావాలి.