కార్చిచ్చు కాలానికి ముందే: నీటిని, గాలిని, బూడిదను కొలిచే జాగ్రత్తలు

నీటి మీద అనుమానం కలిగితే కాచి చల్లార్చి తాగడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కార్చిచ్చు కాలం రాకముందే ఈ అలవాటు గురించి ఆలోచించుకోవాలి. ఊళ్లోకి వచ్చిన మంట వల్ల నీటిలో చేరిన బెంజీన్ అనే విష రసాయనానికి కాచడం విరుగుడు కాదు. అది ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది.

2017లో శాంటా రోసాలోనూ, 2018 నవంబరులో ప్యారడైజ్ పట్టణంలోనూ ఈ సంగతి బయటపడింది. మంటల్లో పైపులు పగిలి నీటి ఒత్తిడి పడిపోయినప్పుడు పొగ, కాలిన ప్లాస్టిక్ నుంచి వెలువడిన రసాయనాలు పైపుల్లోకి చేరాయి. అవి ప్లాస్టిక్ గొట్టాల గోడల్లో ఇంకి, ఆ తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా నీటిలోకి ఊరుతూ వచ్చాయి. తాగునీటిలో బెంజీన్‌కు కాలిఫోర్నియా పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము కాగా, ప్యారడైజ్ నమూనాల్లో అది 2,000 మైక్రోగ్రాములు దాటింది. నీరు తేటగా ఉంది, వాసన లేదు అన్నది భరోసా కాదు.

అందుకే ధ్రువీకరణ పొందిన ప్రయోగశాల ఏది, సీసాలు ఎవరిస్తారు అన్నది ఇప్పుడే కనుక్కోండి. మంట తర్వాత నమూనా తీసేముందు 72 గంటలపాటు ఇంటి కుళాయిలేవీ తిప్పకుండా నీటిని పైపుల్లో నిలవనివ్వాలి. ముందుగా నీరు వదిలేస్తే దోషం కనబడకుండా పోవచ్చు. సీసాలో గాలి బుడగ మిగలకుండా నింపి, మంచులో పెట్టి పంపాలి. బెంజీన్ ఒక్కదాన్నే కాకుండా, ఆవిరయ్యే కర్బన రసాయనాలన్నిటినీ పరీక్షించమని అడగండి, ఎందుకంటే బెంజీన్ లేని నీటిలో తక్కినవి ఉండవచ్చు.

గాలి విషయంలో పొరపాటు మరోలా జరుగుతుంది. ఇంటి బయట పెట్టుకునే చిన్న సెన్సార్లు సన్నని ధూళి కణాలను కాంతితో అంచనా వేస్తాయే తప్ప, ఆ కణాల్లో ఉన్నది సీసమా, ఆర్సెనికా అన్నది చెప్పలేవు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర ఈటన్ అనే కార్చిచ్చు చెలరేగినప్పుడు, దానికి మైళ్ల దూరంలోని పికో రివేరాలో గాలిలోని సీసం సుమారు 100 రెట్లు పెరిగిందని తెలిసిందంటే, లోహాలను విడిగా కొలిచే పరికరం అక్కడ ఉండబట్టే. గాలి నాణ్యత సూచీ ఆకుపచ్చగా మారాక కూడా నేలమీది బూడిద అలాగే ఉంటుంది, అడుగు పడితే లేస్తుంది. ఎన్-95 మాస్కు ఆ ధూళిని ఆపుతుంది గానీ బెంజీన్ వంటి వాయువులను ఆపలేదు.

పిల్లలు ఆడుకునే చోటి మట్టిని ఈ సీజన్‌కు ముందే ఒకసారి సీసం కోసం పరీక్ష చేయించి, ఫలితాన్ని తేదీతో, తీసిన చోటుతో దాచుకోండి. కిలోకు 80 మిల్లీగ్రాములు దాటితే నివాస స్థలంలో మరింత పరిశీలన అవసరమని కాలిఫోర్నియా రాష్ట్రం భావిస్తుంది. పాత ఇళ్ల చుట్టూ వెనకటి రంగుల సీసం ముందే ఉండవచ్చు కాబట్టి, ఈ తొలి కొలత లేకపోతే మంట తెచ్చినదెంతో తేల్చడం కష్టం. బూడిదను పొడిగా ఊడ్వకుండా, ముందు తడిపి, ఆపైన తుడవండి.